మన వేళకు మన టీవీ: హోమ్ థియేటర్ కంప్యూటర్ చరిత్ర

ఈ పాఠంలో మనం ఒక యంత్రం చరిత్ర చెప్పుకుందాం. అది రాకెట్టు కాదు, అణు రియాక్టరూ కాదు. టీవీ పక్కన పెట్టుకునే మామూలు కంప్యూటర్. టీవీ కార్యక్రమాలను రికార్డు చేయడం, దాచుకున్న సినిమాలు, పాటలు, ఫోటోలు పెద్ద తెర మీద చూపించడం, రిమోట్ నొక్కితే పలకడం దాని పనులు. దీన్ని హోమ్ థియేటర్ కంప్యూటర్ అంటారు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో, అంటే ఎవరైనా చదవగల, మార్చుకోగల, పంచుకోగల సాఫ్ట్‌వేర్‌తో, దీన్ని ఇంట్లోనే తయారుచేసుకోవడం 2000 ప్రాంతంలో మొదలైంది. ఇందులో చరిత్ర ఏముందని మీకు అనిపించవచ్చు. ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఇంట్లో టీవీ ఎప్పుడు ఏం చూపించాలో నిర్ణయించేది ఎవరు?

నేను బీఎస్సీ చదివే రోజుల్లో ఈ ప్రశ్న నాకు బాగా తగిలింది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం వారి ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ పాఠాలు 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో మొదలయ్యాయి. నేను డిగ్రీలో చేరేనాటికి వాటికి మంచి పేరు వచ్చింది. కానీ అవి పగటిపూట వచ్చేవి. సరిగ్గా ఆ సమయానికి మేము ఫిజిక్స్ ప్రయోగశాలలో లోలకం డోలనాలు లెక్కపెడుతూ ఉండేవాళ్ళం. కాంతి వ్యతికరణం మీద ఒక పాఠం వస్తోందని తెలిసి, మా లెక్చరర్ గారిని బతిమాలి అరగంట ముందు బయటపడ్డాను. ఇంటికి చేరేసరికి పాఠం ముగింపు సంగీతం వినిపిస్తోంది. ఆ పాఠాన్ని మళ్ళీ ఎప్పుడు వేస్తారో అడగడానికి ఎవరూ లేరు.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ బోధన ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ప్రపంచమంతా మెచ్చుకున్న ప్రయోగమది. అయితే దాని నిర్మాణంలోనే ఒక నియమం ఇమిడి ఉంది. పంపేవాళ్ళు పంపినప్పుడే చూడాలి. ఆ వేళకు పొలంలో నాట్లు ఉంటే పాఠం పోయినట్టే.

ఈ నియమాన్ని మొదట విరగ్గొట్టింది కంప్యూటర్ కాదు, వీడియో టేపు. సోనీ సంస్థ 1975లో బీటామాక్స్ రికార్డర్ తెచ్చింది. మరుసటి సంవత్సరమే యూనివర్సల్, డిస్నీ సంస్థలు అమెరికాలో దావా వేశాయి. ప్రేక్షకుడు ఇంట్లో కార్యక్రమాన్ని టేపు మీదికి ఎక్కించుకుంటే అది కాపీరైటు ఉల్లంఘన అనీ, అందుకు యంత్రం అమ్మినవాడు బాధ్యుడనీ వాటి వాదన. పిల్లల కార్యక్రమాలతో అక్కడ ఇంటింటికీ తెలిసిన ఫ్రెడ్ రోజర్స్ ఈ కేసులో సాక్ష్యం చెప్పాడు. కుటుంబాలు తమకు వీలైన వేళలో తన కార్యక్రమం చూసుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. 1984 జనవరి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వినియోగమే అని తేలింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఈ పాఠంలో చెప్పబోయే యంత్రాలు చాలామటుకు పుట్టి ఉండేవి కావు.

బొమ్మ అంకెలుగా మారితే

టేపు స్థానంలో హార్డ్ డిస్కు రావాలంటే ఒక పెద్ద అడ్డంకి ఉంది. లెక్క మీరే వేసి చూడండి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో అంకెలుగా మార్చిన బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. గుణిస్తే 4,14,720. ఒక్కో చుక్క రంగు, వెలుగు రాసుకోవడానికి 2 బైట్లు అనుకుందాం. సెకనుకు 25 బొమ్మలు. అంతా కలిపితే సెకనుకు రెండు కోట్ల బైట్ల పైచిలుకు. గంట కార్యక్రమానికి దాదాపు 75 గిగాబైట్లు. 2000 తర్వాత మన ఇళ్ళలోకి వచ్చిన 80 గిగాబైట్ల డిస్కులో ఒక గంట పాఠం పట్టి, ఇక ఊపిరాడదు.

దీనికి విరుగుడు చూపించిన వారిలో ముగ్గురి పేర్లు మీరు గుర్తుంచుకోవాలి. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. బెంగళూరులో పుట్టిన అహ్మద్ అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1972లో ఒక పరిశోధనకు నిధులు అడిగారు. మరీ తేలికైన ఆలోచనగా కనబడిందేమో, డబ్బు రాలేదు. ఆయన ఆగలేదు. 1974 జనవరిలో ఈ ముగ్గురి పేర్లతో ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’ అనే గణిత పద్ధతి మీద చిన్న పరిశోధన పత్రం వచ్చింది.

దాని సారం ఇది. బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గళ్ళుగా కోస్తాం. ప్రతి గడిలోనూ 64 వెలుగు విలువలు. వాటిని విడివిడిగా రాసే బదులు, నెమ్మదిగా మారే అలలు కొన్ని, వేగంగా మారే అలలు కొన్ని కలిసి ఈ గడి ఏర్పడిందని రాస్తాం. ఒక వీణ స్వరంలో మూలధ్వని, దాని అనుస్వరాలు కలిసి ఉన్నట్టు. మామూలు దృశ్యాల్లో నెమ్మది అలలదే పైచేయి. వేగపు అలలను కన్ను అంతగా పట్టించుకోదు. కాబట్టి వాటిని ముతకగా రాసినా, కొన్నిటిని వదిలేసినా ఫరవాలేదు. దీనికి తోడు, ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య మారిన భాగాన్ని మాత్రమే రాస్తే ఇంకా ఆదా. 1990ల నడుమ వచ్చిన ఎంపెగ్-2 ప్రమాణం ఈ రెండు ఉపాయాలనూ వాడుకుంది. సెకనుకు 40 లక్షల బిట్ల చొప్పున సర్దితే మన గంట పాఠం 1.8 గిగాబైట్లకు దిగుతుంది. అదే 80 గిగాబైట్ల డిస్కులో 44 గంటలు! హోమ్ థియేటర్ కంప్యూటర్ పుట్టడానికి అసలైన శాస్త్ర కారణం ఇదే. మిగిలినదంతా పెట్టె, తీగలు, పట్టుదల.

తాళం వేసిన పెట్టె, తాళం లేని పెట్టె

1999 మార్చి నెలాఖరున అమెరికాలో టీవో అనే పెట్టె అమ్మకానికి వచ్చింది. హార్డ్ డిస్కు మీదికి రికార్డు చేస్తుంది. ప్రత్యక్ష ప్రసారాన్ని కూడా ఆపి, వెనక్కి తిప్పి చూపిస్తుంది. జనం మురిసిపోయారు. ఆ పెట్టె లోపల నడిచింది లినక్స్. అంటే ప్రపంచం నలుమూలల ఉన్న ప్రోగ్రామర్లు రాసి, అందరికీ ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్. లైసెన్సు ప్రకారం టీవో సంస్థ తాను వాడిన లినక్స్ సోర్స్ కోడును బయటపెట్టింది కూడా. కానీ తర్వాతి నమూనాల్లో ఒక మెలిక వచ్చింది. మీరు ఆ కోడును మార్చి పెట్టెలో ఎక్కిస్తే, సంస్థ సంతకం లేదని పెట్టె దాన్ని నడపనంటుంది. పుస్తకం మీ చేతికిచ్చారు, చదువుకోవచ్చు. అందులో ఒక్క అక్షరం దిద్దినా అల్మారా తలుపు తెరుచుకోదు.

ఇది నియమానికి సరిపోతుందా, నియమం స్ఫూర్తికి సరిపోతుందా అనే వాదం చాలా ఏళ్ళు నడిచింది. 2007 జూన్ 29న వెలువడిన జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సులో, ఇళ్ళలో వాడే యంత్రాలకు ఇలాంటి తాళాలు కుదరవని రాశారు. రిచర్డ్ స్టాల్‌మన్ పక్షం అది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దానికి ఒప్పుకోలేదు. కోడు తిరిగి ఇస్తే చాలు, యంత్రాన్ని ఎలా కట్టుకోవాలో తయారీదారు ఇష్టం అన్నది ఆయన పక్షం. లినక్స్ కెర్నెల్ పాత రెండో వెర్షన్ లైసెన్సులోనే ఉండిపోయింది. నా మొగ్గు మొదటి పక్షానికి. అయితే టోర్వాల్డ్స్ మాటను కొట్టిపారేయకండి. ఆయన పట్టుబట్టి ఉంచిన సడలింపు వల్లనే లినక్స్ కోట్లాది పెట్టెల్లోకి వెళ్ళింది.

ఇక తాళం లేని పెట్టె కథ. 2002లో ఐజాక్ రిచర్డ్స్ అనే అమెరికన్ ప్రోగ్రామర్‌కు కేబుల్ సంస్థ ఇచ్చిన పెట్టె మీద విసుగు పుట్టింది. ఛానల్ మారడం ఆలస్యం, తెర నిండా ప్రకటనలు, కార్యక్రమాల పట్టిక పనికిమాలినది. సొంతంగా ఒకటి తయారుచేద్దామనుకున్నాడు. టీవీ, కంప్యూటర్, ఇంటర్నెట్ అన్నీ ఒకే పెట్టెలో కలిసిపోయే ‘కలయిక పెట్టె’ వస్తుందని అప్పటికే పత్రికలు ఊరిస్తున్నాయి, అది మాత్రం రావడం లేదు. ఆ పురాణకల్పన లాంటి పెట్టెను తలచుకునే తన ప్రోగ్రాముకు మిత్‌టీవీ అని పేరు పెట్టాడు.

మిత్‌టీవీ నిర్మాణంలో ఒక తెలివి ఉంది. పనిని రెండుగా చీల్చారు. వెనుక ఒక ప్రోగ్రాము ట్యూనర్ నుంచి సంకేతం తీసుకుని రికార్డు చేస్తుంది. ముందు ఇంకొకటి తెర మీద చూపిస్తుంది. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండనక్కరలేదు. ఫ్యాన్ల మోతతో కొలిమిలా కాగే కంప్యూటర్‌ను లోపలి గదిలో పెట్టి, టీవీ దగ్గర చిన్న చప్పుడు లేని యంత్రం పెట్టుకోవచ్చు. ప్రకటనలను గుర్తుపట్టే పద్ధతి ఇంకా సరదాగా ఉంటుంది. కార్యక్రమానికీ ప్రకటనకూ మధ్య ఒక్క క్షణం వచ్చే నల్ల తెర, మూలన ఛానల్ గుర్తు మాయమవడం, దృశ్యాలు గబగబా మారడం, ఈ మూడింటినీ బట్టి అది అంచనా కడుతుంది. అప్పుడప్పుడు తప్పుతుంది కూడా.

దీనికి రెండేళ్ళ ముందే, 2000లో, జర్మనీలో క్లాస్ ష్మిడింగర్ వీడీఆర్ అనే ప్రోగ్రాము విడుదల చేశాడు. అక్కడ ఉపగ్రహ ఛానళ్ళు చాలావరకు తాళం లేకుండా, ఉచితంగా వచ్చేవి. ఉపగ్రహ సంకేతం ఎంపెగ్-2లో కుదించి, 188 బైట్ల చిన్న పొట్లాలుగా వస్తుంది. ప్రతి పొట్లం మొదటి బైటు విలువ 71. ఆ తర్వాత ఇది ఏ ప్రవాహానికి చెందినదో తెలిపే సంఖ్య. సెకనుకు 40 లక్షల బిట్ల ఛానల్ అంటే సెకనుకు దాదాపు 2,660 పొట్లాలు. వీడీఆర్ చేసేదల్లా మనకు కావలసిన సంఖ్య ఉన్న పొట్లాలను ఏరి డిస్కులో వేయడం. ఉత్తరాల సార్టింగు లాంటి పని. కొత్తగా కుదించాల్సిన పని లేదు కనుక పాత కంప్యూటర్ కూడా సులభంగా చేస్తుంది. 2004 డిసెంబరులో ప్రసార భారతి ప్రారంభించిన డీడీ డైరెక్ట్ ప్లస్ కూడా తాళం లేని ఎంపెగ్-2 ప్రసారమే. జర్మన్ ఇళ్ళ కోసం రాసిన ప్రోగ్రాము మన మేడ మీది చిన్న డిష్‌కు సరిపోయింది. ప్రమాణాలు బహిరంగంగా ఉంటే జరిగే మేలు ఇది.

నా అనుభవం కొంచెం చెప్తాను

2006 వేసవి సెలవుల్లో నేనూ ఒకటి తయారుచేశాను. పాత పెంటియమ్-4, 80 గిగాబైట్ల డిస్కు, బీటీ878 చిప్పు ఉన్న ట్యూనర్ కార్డు, ఇంటికి వచ్చే మామూలు కేబుల్ తీగ. ఈ చిప్పు బొమ్మను అంకెలుగా మార్చి వదిలేస్తుంది, కుదించే బరువంతా ప్రాసెసర్‌దే. ఎంపెగ్-2 కుదింపును కార్డే చేసే రకాలు అప్పటికి వచ్చాయి కానీ ధర ఎక్కువ. మే నెలలో, మా ఊళ్ళో, ఆ ప్రాసెసర్ మీద ఫ్యాన్ చేసే గోలకు ఇంట్లోవాళ్ళు టీవీ శబ్దం పెంచుకునేవారు.

రిమోట్ కోసం టీఎస్‌ఓపీ1738 అనే పరారుణ గ్రాహకం కొన్నాను. మూడు కాళ్ళ చిన్న ముక్క. 38 కిలోహెర్ట్జ్ వేగంతో మినుకుమనే పరారుణ కాంతికి మాత్రమే పలుకుతుంది. ట్యూబులైట్‌కూ ఎండకూ పలకదు. అందుకే గదిలో ఎంత వెలుతురున్నా రిమోట్ పనిచేస్తుంది. దాన్ని ఒక నిరోధకం, ఒక డయోడు, ఒక చిన్న వోల్టేజి రెగ్యులేటరుతో కలిపి సీరియల్ పోర్టుకు అతికాను. లిర్క్ అనే ప్రోగ్రాము ఆ మినుకులను చదివి, ఏ మీట నొక్కామో చెబుతుంది. పాత టీవీ రిమోట్‌తో కంప్యూటర్ ఆగి, నడిచి, వెనక్కి తిరిగినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ చెప్పలేను.

ఇక అసలు సంగతి. బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. మొదటి కారణం తేలిగ్గానే దొరికింది. మన పద్ధతిలో శబ్దం బొమ్మ తరంగానికి 5.5 మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది. బ్రిటన్‌లో అది 6, అమెరికాలో 4.5. జాబితాలో నేను తప్పు దేశం ఎంచుకున్నాను. అది సరిచేశాక స్పీకర్లలో శబ్దం వచ్చింది. హమ్మయ్య అనుకుని, ఆ రాత్రంతా, మర్నాడు పగలంతా వరసగా పాఠాలు రికార్డుకు పెట్టాను. తీరా చూస్తే అన్నీ మూగవే. కార్డు నుంచి శబ్దం ఒక పొట్టి తీగ ద్వారా సౌండు కార్డులోకి వెళ్తుంది. అక్కడి నుంచి స్పీకరుకు పంపడం ఒక మీట, రికార్డుకు పంపడం వేరొక మీట. నేను మొదటిది మాత్రమే తెరిచాను. తప్పు పూర్తిగా నాదే. నా విద్యార్థులకు వలయాలు గీసి చూపించేటప్పుడు వినడం, రాయడం రెండు వేర్వేరు దారులని చెబుతూనే ఉంటాను మరి!

కార్యక్రమాల పట్టిక మరో తలనొప్పి. మిత్‌టీవీకి ఏ ఛానల్‌లో ఎప్పుడు ఏం వస్తుందో తెలియాలి. మా కేబుల్‌కు అలాంటి పట్టిక అందేది కాదు. దినపత్రికలో చూసి వేళలు చేత్తో ఎక్కించేవాణ్ణి. క్రికెట్ మ్యాచ్ సాగితే పట్టిక అంతా తారుమారు. ఖగోళశాస్త్ర పాఠం అని దాచుకున్న ఫైలులో చివరి అయిదు ఓవర్లు దొరికిన రోజులున్నాయి.

ఇది మా ఇంటి కథే అనుకోకండి. ఉత్తర అమెరికాలో మిత్‌టీవీ వాడేవారికి పట్టికల సమాచారాన్ని ఒక సంస్థ ఉచితంగా ఇచ్చేది. 2007 సెప్టెంబరు 1 నుంచి అది ఆపేసింది. వేలాది పెట్టెలు గుడ్డివవుతాయనగా, ప్రోగ్రామర్లు కొందరు ‘షెడ్యూల్స్ డైరెక్ట్’ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి, చందాలు పోగుచేసి, సమాచారాన్ని కొని పంచడం మొదలుపెట్టారు. సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లో కూర్చుని రాయవచ్చు. రేపు రాత్రి 8 గంటలకు ఏ ఛానల్‌లో ఏముందన్న సంగతిని ఇంట్లో కూర్చుని రాయలేం. ఓపెన్ సోర్స్ పెట్టెకు ఊపిరి బయటివాళ్ళ చేతుల్లో ఉన్నదని చాలామందికి అప్పుడే తెలిసింది.

విద్యార్థులు చేసిన పని

మీరు రోజూ చూసే నారింజరంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ గల వీఎల్‌సీ ప్లేయర్‌ను మొదలుపెట్టింది మీలాంటి విద్యార్థులే. పారిస్ దగ్గరి ఎకోల్ సెంట్రాల్ కళాశాలలో వసతిగృహపు నెట్‌వర్కు నత్తనడక నడిచేది. వేగం పెంచాలంటే పెద్ద కారణం చూపించాలి. ఉపగ్రహ టీవీని నెట్‌వర్కు ద్వారా గదిగదికీ అందిస్తామన్నారు. 1996లో మొదలైన ఆ విద్యార్థి ప్రాజెక్టు, కళాశాల అనుమతితో 2001 ఫిబ్రవరి 1న జీపీఎల్ కింద అందరికీ విడుదలైంది. అసలు కోరిక నెట్‌వర్కులో ఆటలాడుకోవడమే అని వాళ్ళే తర్వాత నవ్వుతూ ఒప్పుకున్నారు. అదే కాలంలో, 2000లో, ఫ్రాన్స్‌కే చెందిన ఫాబ్రిస్ బెలార్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ మొదలుపెట్టాడు. రకరకాల వీడియో రూపాలను విప్పడం, కుదించడం దాని పని. మిత్‌టీవీ, కోడి, వీఎల్‌సీ, ఏది విప్పి చూసినా లోపల దాని కోడు కనబడుతుంది.

డీవీడీల సంగతి ఇంత సాఫీగా సాగలేదు. వాటి మీద 40 బిట్ల తాళం ఉండేది. లినక్స్‌లో చూడటానికి అనుమతి ఉన్న ప్లేయర్ లేదు. డబ్బు పెట్టి కొన్న డిస్కును సొంత కంప్యూటర్‌లో చూడలేని పరిస్థితి. 1999 అక్టోబరులో ఆ తాళం విప్పే డీసీఎస్ఎస్ ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో వెలువడింది. దాన్ని బయటపెట్టిన వారిలో నార్వేకు చెందిన జాన్ లెక్ జొహాన్సెన్‌కు అప్పటికి 15 ఏళ్ళు. అతని మీద కేసు నడిచింది. 2003 జనవరిలో కింది కోర్టు, అదే ఏడాది డిసెంబరులో పై కోర్టు నిర్దోషి అన్నాయి. తాను కొన్న డిస్కును తాను చూసుకోవడం నేరం కాదన్నాయి. అన్ని దేశాల చట్టాలూ ఇలాగే ఉండవు. మన దేశంలో 2012 సవరణ తర్వాత, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం విప్పితే శిక్ష ఉంది. సొంత వినియోగానికి, పరిశోధనకు న్యాయమైన మినహాయింపూ ఉంది. ఈ రెండింటి మధ్య గీత తెలుసుకునే పని చేయండి.

అమెరికాలో ఇంకో ప్రమాదం తప్పింది. డిజిటల్ ప్రసారంలో ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తును గౌరవించని ట్యూనర్లు 2005 జూలై 1 తర్వాత తయారు కాకూడదని 2003లో అక్కడి సమాచార ప్రసారాల కమిషన్ నియమం చేసింది. వాడేవాడు మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కు అందులో చోటు లేదు. గ్రంథాలయాల సంఘం కోర్టుకెక్కింది. గడువు ఇంకా రెండు నెలలుండగా, మే 6న, కమిషన్‌కు ఆ అధికారమే లేదని కోర్టు తేల్చింది.

ఇక ఇప్పుడు ఎక్కువమంది వాడే కోడి. దీని పుట్టుక ఒక ఆటల పెట్టెలో. 2001 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌లో 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 మెగాబైట్ల మెమరీ ఉండేవి. టీవీకి కలపడానికే పుట్టిన చవక కంప్యూటర్ అన్నమాట. కొందరు ఔత్సాహికులు దాని తాళం తప్పించి, 2002లో వీడియోలు చూపే ప్రోగ్రాము రాశారు. అదే 2004లో ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్, పొట్టిగా ఎక్స్‌బీఎంసీ. 64 మెగాబైట్లలో అంత అందమైన తెరను నడపడం ఇప్పటికీ మెచ్చుకోదగిన పని. తర్వాత అది లినక్స్, విండోస్, మ్యాక్‌లకు వచ్చింది, ఎక్స్‌బాక్స్‌ను వదిలేసింది. పేరులో మాత్రం ఎక్స్‌బాక్స్ మిగిలిపోయింది. 2014లో ఆ పేరూ మార్చి కోడి అన్నారు. టీవీని రికార్డు చేయడం దాని పుట్టుకలో లేదు, దాచినవాటిని చక్కగా చూపించడమే. ఆ ఒక్క పనినీ శ్రద్ధగా చేసినందువల్లే నిలిచిందని నా అభిప్రాయం.

2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. అరచేతిలో పట్టే, ఫ్యాన్ లేని, 35 డాలర్ల కంప్యూటర్. మెమరీ కార్డులో కోడితో కూడిన చిన్న లినక్స్‌ను ఎక్కించి టీవీకి తగిలిస్తే చాలు. నేను నెల రోజులు కుస్తీపట్టిన పని అరగంటకు వచ్చింది. హెచ్‌డీఎంఐ తీగ గుండా టీవీ రిమోటే దాన్నీ నడిపింది, నా టీఎస్‌ఓపీ ముక్కతో పని లేకపోయింది. కానీ ఇందులోనూ ఒక తాళం ఉంది చూడండి. ఎంపెగ్-2 విప్పే శక్తి ఆ చిప్పులో ఉంది. పేటెంట్ల వల్ల దాన్ని మూసి ఉంచి, 2.40 పౌండ్లు కడితే ఒక తాళంచెవి సంఖ్య ఇచ్చేవారు. ఆ పేటెంట్లలో అమెరికాలో చివరిది 2018 ఫిబ్రవరిలో ముగిసింది.

మన దగ్గర మరో మార్పు జరిగింది. కేబుల్ టీవీ డిజిటలీకరణలో హైదరాబాద్, విశాఖపట్నం రెండో దశలో ఉన్నాయి. గడువు 2013 మార్చి 31. ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సు లేనిదే ఛానల్ లేదు, సంకేతం మీద తాళం. బొమ్మ నాణ్యత పెరిగింది, నిజమే. కానీ గోడలోంచి వచ్చే తీగను నేరుగా కంప్యూటర్ కార్డుకు తగిలించే రోజులు పోయాయి. నా బీటీ878 కార్డుకు ఆ రోజుతో పని అయిపోయింది. తాళం లేని ఉపగ్రహ ఛానళ్ళను నమ్ముకున్నవాళ్ళు మాత్రం వీడీఆర్ లాంటివాటితో కొనసాగారు.

ఇంతలో ప్రసారం చేసేవాళ్ళ ఆలోచన కూడా మారింది. 2017 జూలైలో 32 ఛానళ్ళతో ‘స్వయంప్రభ’ ప్రారంభమైంది. జీశాట్-15 ఉపగ్రహం ద్వారా వచ్చే చదువుల ఛానళ్ళు. రోజుకు కనీసం 4 గంటల కొత్త పాఠాలు, వాటినే ఆ రోజు మరో 5 సార్లు తిరిగి వేయడం దాని పద్ధతి. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. విద్యార్థికి వీలైన వేళ ఏదో ఒకటి అందులో ఉంటుందని లెక్క. నా కాంతి వ్యతికరణం పాఠం ఈ పద్ధతిలో వచ్చి ఉంటే ప్రాక్టికల్స్ ముగించుకుని రాత్రి చూసేవాణ్ణి.

మీ ఇంట్లోనో కళాశాలలోనో మూలన పడేసిన కంప్యూటర్ ఉంటే ఈ ప్రయోగం చేసి చూడండి. లినక్స్ ఎక్కించి, మొదట వీఎల్‌సీతో ఒక ఫైలు ఆడించండి. తర్వాత కోడి. తర్వాత, చిన్న డిష్, ఉపగ్రహ ట్యూనర్ దొరికితే, తాళం లేని ఒక విద్యా ఛానల్. రికార్డయిన ఫైలు మొదటి బైటును చూసే ప్రోగ్రాముతో తెరిచి, అది 71 అవునో కాదో, 188 బైట్ల తర్వాత మళ్ళీ 71 వస్తుందో లేదో లెక్కపెట్టండి. రికార్డుకు పెట్టి వెళ్ళే ముందు ఒక నిమిషం నమూనా తీసి, శబ్దం ఉందో లేదో తప్పక వినండి.

2006 నాటి నా మూగ ఫైళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. డిస్కులు మూడుసార్లు మారాయి, కంప్యూటర్లు నాలుగు మారాయి, వీఎల్‌సీలో అవి ఇంకా తెరుచుకుంటాయి. అందులో ఒకటి కటకాల మీద పాఠం. అధ్యాపకుడు బోర్డు మీద కిరణాలు గీస్తూ, ఇటు తిరిగి ఏదో చెబుతూ ఉంటారు. తరగతిలో దాన్ని ఆడించి, ఆయన ఏం చెబుతున్నారో చెప్పమని మా పిల్లలను అడుగుతాను. గీసిన కిరణాన్ని బట్టి దాదాపు సరిగ్గానే చెబుతారు.